ఆకుపచ్చ గుడ్డలు రాని ఇల్లు

మా లాండ్రీకి రోజూ పొద్దున్నే రెండు చోట్ల నుంచి మూటలు వస్తాయి. నీలం సంచుల్లో వచ్చేవి పెద్దాసుపత్రివి. తెల్ల సంచుల్లో వచ్చేవి కాన్పుల ఇంటివి. వ్యాన్ బాబాయి వాటిని వెనక గుమ్మం దగ్గర దింపి, నిలబడే టీ తాగి, ముందురోజు ఉతికి మడిచినవి ఎక్కించుకుని వెళ్ళిపోతాడు. మూటలు విప్పడం, మరక చూసి ఏది ఏ తొట్టిలోకి వెళ్ళాలో తేల్చడం, చిరిగినవాటిని పక్కన పెట్టి తీరిక దొరికినప్పుడు కుట్టడం నా పని.

చేరిన కొత్తల్లో ఇస్త్రీ అక్క నాకు మొదట నేర్పింది రక్తం గురించి.

"రక్తం మరకకి వేడి చూపించావో, ఇక అది జన్మలో పోదు. చల్లనీళ్ళలో పడేసి దాని మానాన దాన్ని వదిలెయ్. తొందరపడ్డావంటే దుప్పటి బతికినన్నాళ్ళూ నిన్ను తిడుతూనే ఉంటుంది."

తర్వాత పసరు మరక చూపించింది. ఆకు నలిపి పూసినట్టు, పచ్చకీ గోధుమరంగుకీ మధ్య ఉంటుంది అది. "ఇది తల్లిది కాదు, బిడ్డది. కడుపులో కష్టం తగిలితే అక్కడే దొడ్డికి పోతారు ఒక్కొక్కళ్ళు. ఈ దుప్పటి వచ్చిందంటే ఆ మూటలోనే ఆకుపచ్చ గుడ్డ కూడా ఉంటుంది చూడు." తీసి చూస్తే ఉంది.

ఆకుపచ్చ గుడ్డంటే ఆపరేషన్ గదిలో మనిషి మీద కప్పేది. కొన్నిటికి మధ్యలో కిటికీలాగా కోసి, చుట్టూ అంచు కుట్టి ఉంటుంది. పెద్దాసుపత్రి నుంచి అవి గుట్టలుగా వచ్చేవి. వాటికి చిన్న చిన్న చిరుగులు పడితే నేనే రఫూ చేసేదాన్ని. ఆకుపచ్చ దారం ఎప్పుడో అయిపోయింది, ఎవరూ తెప్పించలేదు. పసుపు దారంతో చేస్తుంటే అక్క నవ్వేది. "ఆపరేషన్ గుడ్డకి బుటాలెందుకే పిల్లా? ఎవరు చూస్తారని?"

"ఎవరో ఒకరు చూస్తార్లే అక్కా."

"మత్తులో ఉన్నవాళ్ళు చూస్తారు పాపం!"

తెల్ల సంచుల్లో మాత్రం ఆకుపచ్చ గుడ్డ ఒక్కటి కూడా వచ్చేది కాదు. మామూలు దుప్పట్లు, తువ్వాళ్ళు, అంతే. ఆ దుప్పట్లు మోకాళ్ళు ఆనినచోట నలిగి ఉండేవి. అంచులు ఎవరో గుప్పిట్లో పట్టి మెలిపెట్టినట్టు ముడుచుకుపోయి ఉండేవి. వాటిని విప్పుతుంటే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో కళ్ళకి కట్టేది. అక్కడ ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుంటారు, దేన్నో పట్టుకుని వేలాడతారు, వాళ్ళ పక్కన ఎవరో ఓపిగ్గా ఉంటారు. కొయ్యరు.

నాకు నెలలు నిండుతున్నప్పుడు ఎవర్నీ సలహా అడగలేదు. అడగడానికి ఎవరూ లేరు కూడా. సైకిల్ షాపు పైన ఒంటిగదిలో ఉంటాను. అమ్మ లేదు. మా ఆయన సొరంగం తవ్వే పనిలో దూరంగా ఉన్నాడు. సొరంగంలోకి దిగితే ఫోను అందదు, పైకొచ్చాక నిద్ర ఆగదు. మా మాటలన్నీ ఆ రెంటికీ మధ్య జరగాల్సిందే.

పెద్దాసుపత్రికి పరీక్షలకి వెళ్ళేదాన్ని. పోయినసారి డాక్టరమ్మ నా కాగితాలు తిరగేస్తూ, "నొప్పులు రాకపోతే వచ్చేనెల మొదటివారంలో ఆపరేషన్ పెట్టుకుందాం, అప్పుడు గది ఖాళీగా ఉంటుంది," అంది. మంచిగానే అంది. బయట వరండా నిండా నాలాంటి వాళ్ళు ఉన్నారు, ఆమె మాత్రం ఏం చేస్తుంది? కానీ ఇంటికొస్తూ దారంతా అదే ఆలోచన. నాకు కోతంటే మరీ అంత భయం లేదు. నా బిడ్డ తనంతట తాను బయల్దేరి వచ్చేదాకా ఎవరైనా నాకోసం ఆగాలి. నేను కోరుకున్నది అంతే. నాకోసం ఎవరైనా అలా ఆగి చాలా కాలమైంది.

మర్నాడు మధ్యాహ్నం సెలవు పెట్టి కాన్పుల ఇంటికి వెళ్ళాను.

మామూలు మేడే అది. కింద రెండు గదులు, వెనక పెరడు. గదిలో ఎత్తు తక్కువ మంచం, గోడవార చాప, పైకప్పు కొక్కేనికి కట్టిన మందపాటి గుడ్డతాడు. ఆ తాడు చూడగానే దుప్పట్ల మెలికలు గుర్తొచ్చి నవ్వొచ్చింది. మంచం పక్కన చేతులున్న చెక్కకుర్చీ ఒకటి ఉంది. దాని చేతులు నున్నగా అరిగిపోయి ఉన్నాయి.

ఆ ఇల్లు నడిపే నర్సమ్మ తల నెరిసిన మనిషి. నా పొట్ట మీద చెయ్యి వేసి చాలాసేపు కదలకుండా ఉంచింది. తర్వాత గరాటులాంటి చెక్కగొట్టం పెట్టి చెవి ఆనించి విన్నది.

"బాగుంది. తల కిందకే ఉంది. మా దగ్గరికి రావాలని ఎందుకనిపించింది?"

చెప్పాను. లాండ్రీ, నీలం సంచులు, తెల్ల సంచులు, ఆకుపచ్చ గుడ్డలు. ఆమె వింటూ వింటూ నవ్వబోయి ఆగిపోయింది.

"ఓసి పిచ్చితల్లీ. మాకు ఆపరేషన్ గదే లేదు. ఇక ఆ గుడ్డలు ఎక్కడినుంచి వస్తాయి? కొయ్యాల్సి వస్తే కార్లో ఎక్కించి పెద్దాసుపత్రికే పంపిస్తాం. మొన్న కూడా ఒకమ్మాయిని పంపాం. నువ్వు విప్పిన నీలం మూటల్లో మా వాళ్ళవీ ఉంటాయి."

ఇన్నాళ్ళూ దుప్పట్లు చూసి అంతా తెలిసిపోయిందనుకున్నాను. ఇంట్లో చెత్త లేదని ఆ ఇంటివాళ్ళు తినరనుకున్నట్టుంది నా తెలివి.

ఆమె నా మొహం చూసి మెత్తగా అంది. "ఎక్కువమందికి ఇక్కడే అయిపోతుందిలే. మేం తొందరపెట్టం. కానీ పంపాల్సినప్పుడు పంపకుండా ఉండం. ఆ రెండూ ఒప్పుకుంటేనే రా." ఆ తర్వాత చెక్కకుర్చీ వైపు చూసింది. "నీతో ఎవరు వస్తారు?"

"ఎవరు అంటే?"

"తోడు. ఇక్కడ ఉండేది నేనూ ఇంకో అమ్మాయీ. మేం బిడ్డని చూడాలి, నీ ఒంటిని చూడాలి. నిన్ను చూసే మనిషిని నువ్వే తెచ్చుకోవాలి. మొదటినుంచి చివరిదాకా ఆ కుర్చీలో ఉండాలి. ఒంటరిగా వస్తే చేర్చుకోం తల్లీ, అది మా పద్ధతి."

ఎలా వెళ్ళానో అలాగే తిరిగి వచ్చాను. ఆగే మనుషులు దొరుకుతారని వెళితే, ఆగే మనిషిని నన్నే తెచ్చుకోమన్నారు. పెద్దాసుపత్రిలో ఆ ప్రశ్న లేదు. అక్కడ తోడొచ్చినా గుమ్మం బయటే ఆపేస్తారు. ఎవరూ లేనివాళ్ళకి అదే నయమేమో.

ముందు ఇస్త్రీ అక్కని అడిగాను. దుప్పట్లు ఆరబెట్టి నొక్కే పెద్ద రోలర్ దగ్గర చెమటలు కక్కుతూ ఉంది. చెయ్యి ఆపలేదు.

"నేనా? నాకేం తెలుసే?"

"ముగ్గురు పిల్లల్ని కన్నావుగా అక్కా."

"కన్నానా? పడుకోబెట్టారు, కప్పేశారు, ఇదిగో అని చేతిలో పెట్టారు. మూడుసార్లూ అంతే. నా పొట్టకి జిప్పు పెట్టిస్తే సరిపోయేదని మా ఆయన ఒకటే ఎగతాళి." నవ్వింది. నవ్వు సగంలోనే పోయింది. "కాన్పంటే ఎట్లా ఉంటుందో నేనెప్పుడూ చూళ్ళేదే. నువ్వు అరిస్తే నేను పారిపోతాను. అయినా ఈ రోలర్ని ఎవరికి అప్పజెప్పి రాను?"

"పోనీలే అక్కా."

"నిదానమే ప్రధానం అంటారు, ఆలస్యం అమృతం విషం అనీ అంటారు. రెండూ ఒకే నోటితో అన్నవాడు మగాడే అయ్యుంటాడు. నడుం నొప్పి ఎరగనివాడు. నువ్వు మాత్రం జాగ్రత్తే పిల్లా."

మా ఆయనకి చెబుదామని ఆ సాయంత్రం ఫోను పట్టుకుని కూర్చున్నాను. దొరికాడు. గొంతు నిండా నిద్ర.

"డాక్టరమ్మ ఏ వారం అంటే ఆ వారానికి సెలవు రాయిస్తాను. తారీఖు తెలిస్తే నాకూ తేలిక కదా."

"తారీఖు బిడ్డ చెప్పాలి."

"బిడ్డకి ఫోను లేదుగా," అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత అటువైపు నుంచి ఊపిరి మాత్రమే వినిపించింది. నిద్రపోయాడు. పెట్టెయ్యకుండా కాసేపు అలాగే విన్నాను.

ఇక మిగిలింది అత్తయ్య. ఊరికి అవతలివైపు మా బావగారింట్లో ఉంటుంది. ఆదివారం ఆదివారం వచ్చి నా గది సర్దినట్టే సర్ది, పొట్ట వైపు ఓరగా చూసి వెళుతుంది. తక్కువ మాట్లాడే మనిషి. నేనూ అంతే. మా ఇద్దరి మధ్య గిన్నెల చప్పుడే ఎక్కువ.

చెప్పాను. ఆమె మంచం మీది దుప్పటి దులుపుతూ విన్నది. దులపడం ఆపింది.

"అంత పెద్దాసుపత్రి పెట్టుకుని ఆ కొంపలో కంటావా?"

"తొందరపెట్టరత్తయ్యా. ఆగుతారు."

"ఆగుతారు!" ఆ మాటని ఉమ్మేసినట్టు అంది. "నాకు చెబుతున్నావా ఆగడం గురించి? మీ ఆయనకి ముందు నాకింకొకడు పుట్టాల్సింది. ఆ సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు. ఇంట్లోనే. గది నిండా ఆడవాళ్ళు. అది పెట్టు, ఇది పెట్టు అని ఒకళ్ళ మీద ఒకళ్ళు. ఇంకాసేపు చూద్దాం, ఇంకాసేపు చూద్దాం అన్నారు. లోపల వాడు కదలడం మానేశాడని నాకు తెలుస్తూనే ఉంది. చెబితే, నొప్పులప్పుడు అట్లాగే ఉంటుందిలే అన్నారు. అంతమందిలో ఒక్కళ్ళూ నా మొహం వైపు చూళ్ళేదు."

కిందనుంచి సైకిల్ చక్రం తిరుగుతున్న చప్పుడు వస్తోంది.

"నేను ఆ కుర్చీలో కూర్చోను. కూర్చుంటే నిమిషానికోసారి పంపించెయ్యమంటాను. నన్ను అడక్కు." దుప్పటి మళ్ళీ దులిపింది. దులిపిందే దులిపింది.

ఇక నేనూ ఎవర్నీ అడగలేదు. పట్టుకున్న కుందేలుకి మూడే కాళ్ళని వాదించడానికైనా ఎదుట ఒక మనిషి ఉండాలి కదా.

నొప్పులు డాక్టరమ్మ చెప్పిన వారానికి ముందే, పనిలో ఉండగానే మొదలయ్యాయి. పొద్దున్నే తెల్లసంచి విప్పుతుంటే నడుములో ఎవరో పట్టి పిండినట్టయింది. తొట్టి అంచు పట్టుకుని నిలబడ్డాను. తగ్గింది. మళ్ళీ వచ్చింది. అక్క రోలర్ దగ్గరనుంచే కేక పెట్టింది. "బాబాయ్! బండి తియ్యకు, ఉండు!"

అత్తయ్యకి ఫోను చేశాను. "పెద్దాసుపత్రి గేటు దగ్గరుంటాను, వచ్చెయ్," అని పెట్టేసింది.

వ్యాన్ వెనక మడిచిన దుప్పట్ల దొంతరల మధ్య నాకు చోటు చేశారు. సబ్బు వాసన, ఇస్త్రీ వాసన. అక్క తన చెయ్యి తుడుచుకుని నా తల మీద పెట్టి తీసింది. లోపలికి పరిగెత్తింది. బాబాయి రోజూ వెళ్ళే దారి ఒకటే, ముందు పెద్దాసుపత్రి, ఆఖర్న కాన్పుల ఇల్లు.

"ఎక్కడ దింపమంటావు అమ్మడూ?" అని అడిగాడు.

"తెలీదు బాబాయ్."

గేటు దగ్గర అత్తయ్య సంచీ ఒక చేత్తో, ఫ్లాస్కు ఒక చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. బాబాయి దొంతరలు దింపడం మొదలుపెట్టాడు. నా చుట్టూ ఉన్న దుప్పట్లు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. వెనక తలుపు అవతల వరండా, తెల్ల దీపాలు, బెంచీల మీద వరసగా మనుషులు.

"దిగు," అంది అత్తయ్య.

నొప్పి వచ్చి పోయేదాకా మాట్లాడలేకపోయాను. "దిగనత్తయ్యా."

"తోడు లేకపోతే వాళ్ళు చేర్చుకోరన్నావుగా?"

"అవును."

"మరి ఎక్కడికి పోతావు?"

"వాళ్ళ గుమ్మం దాకా."

"గుమ్మంలో కంటావా? తిక్క తిక్కగా మాట్లాడకు. దిగు!"

వెనక అంబులెన్సు హారన్ కొట్టింది. బాబాయి చేతులు దులుపుకుంటూ వచ్చాడు. "అమ్మా, ఇక్కడ బండి ఉంచనివ్వరు. దింపుకుంటారా, ఎక్కుతారా?"

అత్తయ్య ఆసుపత్రి వైపు చూసింది. నా వైపు చూసింది. సంచీ లోపలికి విసిరింది. "జరుగు," అని చీర పైకెత్తి పట్టుకుని, బాబాయి చెయ్యి అందిస్తే దాన్ని తోసేసి, తనే ఎక్కి కూర్చుంది. తలుపు పడ్డాక చీకట్లో ఆమె గొంతు వినిపించింది. "నేను పంపించెయ్యమన్నప్పుడు పంపించాలి. అట్లా అయితేనే."

"అలాగే అత్తయ్యా."

నర్సమ్మ గుమ్మంలో అడిగింది. "తోడు ఎవరు?"

"కనిపించట్లా?" అంది అత్తయ్య.

ఆ పగలంతా ఆ గదిలో గడిచింది. నడిచాను, చాప మీద మోకాళ్ళు ఆనించాను, తాడు పట్టుకుని వేలాడాను. నర్సమ్మ వచ్చేది, వినేది, వెళ్ళేది. అత్తయ్య చెక్కకుర్చీలో ముందుకి వంగి కూర్చుని నా మొహం వైపే చూస్తూ ఉంది. నడుము రుద్దలేదు, ధైర్యం చెప్పలేదు. చూస్తూనే ఉంది. అయినా నొప్పి వచ్చినప్పుడు ఆ చూపు కూడా అందనంత దూరం వెళ్ళిపోయేదాన్ని. అక్కడికి ఎవరూ రాలేరు. వెళ్ళి, తిరిగి వచ్చి కళ్ళు తెరిస్తే ఆమె అక్కడే, అలాగే ఉండేది.

మధ్యాహ్నం ఆమె లేచి నిలబడింది. "ఇక చాలు. పంపించెయ్యండి. లోపల ఏమవుతోందో ఎవరికి తెలుసు?"

నర్సమ్మ వాదించలేదు. చెక్కగొట్టాన్ని నా పొట్ట మీద ఆనించి, "మీరే వినండి," అంది. అత్తయ్య వంగి చెవి పెట్టింది. ఆమె నెరిసిన పాపిట నా గడ్డానికి దగ్గరగా ఉంది. ఎంతసేపటికీ లేవలేదు.

"గుర్రంలా పరిగెత్తుతోంది," అంది చివరికి. తర్వాత ఎవరితోనూ కాకుండా, "ఆ రోజు ఇదొక్కటి ఉంటే..." అని ఆగిపోయింది. మళ్ళీ వెళ్ళి కుర్చీలో కూర్చుంది. ఆ తర్వాత పంపించెయ్యమని అనలేదు. నర్సమ్మ వచ్చిన ప్రతిసారీ తనూ వంగి విన్నది.

పొద్దు వాలుతుండగా ఉమ్మనీరు పోయింది. చాప మీది దుప్పటి తడిసింది. తల దించి చూశాను.

ఆకు నలిపి పూసినట్టు ఉంది.

ఆ రంగు ఎన్నిసార్లు నా చేతులతో తొట్టిలో వేశానో. నర్సమ్మ కూడా చూసింది. గొట్టం పెట్టి ఒక నొప్పి పూర్తయ్యేదాకా వింటూ ఉండిపోయింది. లేచిన మొహంలో ఇందాకటి నిదానం లేదు. అటువైపు తిరిగి రెండో అమ్మాయితో, "కారు తియ్యి," అంది.

అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. ఆమె నన్ను పట్టుకోవడం అదే మొదలు. "ఇందాకే విన్నానండీ, బాగానే కొట్టుకుంటోంది కదా. పిల్ల ఇంత పడింది. ఇంకాసేపు..." అని నర్సమ్మని బతిమాలుతోంది. తనేం అంటోందో తన చెవిన పడ్డట్టుంది, చప్పున చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకోసం, నా ఒక్క ఆశ కోసం, జన్మలో అనకూడదనుకున్న మాట అనేసింది.

"వద్దత్తయ్యా," అన్నాను. "వెళ్దాం."

పెద్దాసుపత్రిలో ఎవరూ ఆలస్యం చెయ్యలేదు. ఆపరేషన్ గది తలుపు దగ్గర అత్తయ్యని ఆపేశారు. "ఇక్కడిదాకే అమ్మా." ఆమె చెయ్యి వేళ్ళ చివరిదాకా జారి వదిలింది. వెనక్కి తల తిప్పి చూస్తే తలుపు ఊగుతూ ఉంది, మధ్య సందులో ఆమె ఫ్లాస్కు కనిపించింది.

లోపల అందరికీ చేతినిండా పని. వీపులో సూది, నడుం కింద ఏమీ లేనట్టు తేలిక. నా మీద ఆకుపచ్చ గుడ్డలు కప్పారు. ఒకటి మొహానికి ఎదురుగా తెరలా కట్టారు. అటువైపు వాళ్ళు, ఇటువైపు నేను. ఒక్కదాన్నే.

ఆ గుడ్డ వైపే చూస్తూ పడుకున్నాను. చూడటానికి వేరే ఏమీ లేదు. అంచుకి కాస్త కింద, నా కళ్ళకి ఎదురుగా, గోరంత రఫూ ఉంది. పసుపు దారం. అడ్డానికీ నిలువుకీ దగ్గరదగ్గరగా వేసిన కుట్లు, మూల దగ్గర ఒక పోగు వదులుగా. ఆ పోగు వదిలేసి లేచింది నేనే. ఆ రోజు అక్క ఎందుకో పిలిచింది, మళ్ళీ చేద్దామని మరిచిపోయాను.

ఎవరు చూస్తారే, అంది అక్క. మత్తులో ఉన్నవాళ్ళు చూస్తారు పాపం, అంది.

ఆ కుట్లని ఈ చివరినుంచి ఆ చివరికి, ఆ చివరినుంచి ఈ చివరికి చూపుతో మళ్ళీ కుట్టాను. నాకంటే ముందు ఈ గుడ్డకి ఇటువైపు ఎందరు పడుకున్నారో. తెల్ల సంచీ ఇంట్లో రోజంతా తాడు పట్టుకుని, కారెక్కి ఇక్కడికి వచ్చినవాళ్ళు. వాళ్ళ దుప్పట్లని చూసి నేను ఈ మనిషికి ఆగే తోడు దొరికింది, ఈ మనిషికి దొరకలేదు అని తీర్పులు చెప్పాను.

అటువైపు ఏదో లాగినట్టయింది. కాసేపు ఏమీ లేదు. ఆ కాసేపట్లో కుట్టు మీద నా చూపు కదల్లేదు. తర్వాత ఏడుపు వినిపించింది. చిన్నది, కోపంగా ఉంది.

మర్నాడు పొద్దున కళ్ళు తెరిచేసరికి అత్తయ్య స్టూలు మీద కూర్చుని బిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఉంది. తల వంచి, బిడ్డ ఛాతీకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని వింటోంది. నేను చూస్తున్నానని తెలీదు. మా ఆయనకి కబురు పంపారట, సొరంగంలో ఉన్నాడట, పైకి రాగానే చెబుతామన్నారట.

నా మంచం కిటికీ పక్కనే. కింద వెనక గేటు. వ్యాన్ బాబాయి నీలం సంచులు ఒక్కొక్కటే లోపలికి విసురుతున్నాడు. పైకి చూడలేదు. పిలుద్దామనుకున్నాను, అంత గొంతు లేదు.

ఆ మూటల్లో ఒకదాంట్లో రాత్రి ఇక్కడ నా కింద పరిచిన దుప్పటి ఉంది. ఇంకాసేపట్లో అది వెనక గుమ్మం దగ్గర దిగుతుంది. నేను లేను కాబట్టి అక్కే విప్పుతుంది. పసరు మరక దుప్పటి వెంట ఆకుపచ్చ గుడ్డ వచ్చి ఉంటే, ఎవరిదోలే పాపం అనుకుంటుంది. పసుపు దారం కనిపిస్తే నవ్వుతుందేమో. వేడినీళ్ళు మాత్రం చూపించదు. చల్లనీళ్ళలో పడేసి, దాని మానాన దాన్ని వదిలేస్తుంది.